టు పే

బేతంచెర్ల నుంచి ఆదోనికి
ఒక రాయి వచ్చింది.
గోనెపట్టాలో చుట్టి, పురికొస బిగించి,
పత్తి బేళ్ల నడుమ నిలబెట్టి.
ఎల్లార్ నంబరు నాలుగువేల నూట పదకొండు.
పంపినవాడు: దస్తగిరి, రాళ్లు చెక్కేవాడు.
అందుకోవాల్సింది: ఉరుకుందమ్మ. ఇంటి నంబరు లేదు.
సరుకు: రాయి ఒకటి అని చెప్పబడినది.
కిరాయి: టు పే. మూడువందల ఎనభై.

చెప్పబడినది, అంతే.
మా రసీదు వెనక సన్నచీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది,
లోపల ఏముందో మేం చూడలేదని,
పగిలినా తడిసినా ఎలుకలు కొరికినా
పూచీ యజమానిదేనని.
పద్దెనిమిదేండ్లుగా చింపి చింపి ఇస్తున్నా
నేనూ దాన్ని పూర్తిగా చదవలేదు.
పదమూడో షరతు మాత్రం నోటికొచ్చు:
సరుకు మాది కాదు,
కిరాయి ముట్టేదాకా మా దగ్గరే ఉంటుంది.

ఈ హక్కుతో ఏమేం పట్టుకున్నానో చెబితే నవ్వుతారు.
పెండ్లికి పోవాల్సిన స్టీలు బిందెలు పట్టుకున్నా,
పెండ్లి ఆగలేదు.
ఒక ఎండాకాలం అనంతపురం చీనీకాయలు పట్టుకున్నా.
పైసా రాలనిదే కాయ కదలకూడదన్నాడు పంపాపతి శెట్టి.
నాలుగోనాటికి హక్కు అట్లే ఉండాది,
కాయలే లేవు.
పట్టు మాది, పట్టుకున్నది ఈగలది.

రాయి కుళ్లదు.
నెల దాటింది. నోటీసు రాశాను, తిరిగొచ్చింది.
దిగిన రోజు నుంచే రోజుకు పది చొప్పున డెమరేజీ
కాగితం మీద పాచిలా పెరిగింది.
వేలం వెయ్యమన్నాడు శెట్టి.
అరుగుకో, బట్టలుతికేదానికో ఎవడన్నా కొంటాడని
పట్టా విప్పించాడు.
హమాలీ మద్దిలేటి టార్చి కొట్టాడు.
బూడిదరంగు నున్నటి బండ.
బోయ ఈరన్న.
పుట్టిన తేదీ తెలియదేమో, అక్కడ అడ్డగీత.
పోయిన తేదీ. దాని కింద
రెండు పూలు, ఒకటి కొంచెం వంకర.
మద్దిలేటి చెప్పులు విడిచాడు.
ఇంకొకరి పేరున్న రాయిని ఎవడు పాడుకుంటాడు?
వేలం మాట మళ్లీ రాలేదు.

డెబ్బైమూడో రోజు ఆమె వచ్చింది.
"సుగ్గికి పోయింటి సామీ,
గుంటూరు పక్క, మిరపకాయలు తెంపనీకి."
కొంగుముడి విప్పి రసీదు తీసింది.
చెమటకు నాని ముద్దయింది.
నంబరు లేదు, పేరు లేదు,
మా ఆఫీసు సీలు మాత్రం ఊదారంగుగా అంతటా పాకింది.

రసీదు లేనిదే సరుకు ఇవ్వకూడదు.
వందరూపాయల బాండు పేపరు, ఇద్దరు సాక్షులు కావాలి.
'రేపెవరైనా ఈ సరుకు మాదని వస్తే
ఆ నష్టం నాదే' అని రాయించాలి.
రాయబోయి ఆగాను.
ఎవరొస్తారు?

"కాగితం మీద నా పేరు పోయింటే పోనీ,
ఆయప్ప పేరు యాడికీ పోలేదు గదా.
రాతిమీద చూసుకో" అంది.
అక్షరాలు రావు ఆమెకు.
మొదటి అక్షరం చుట్టూ వేలు తిప్పింది,
అది ఎక్కడ మొదలవుతుందో తెలిసినట్టు.

కిరాయి లెక్కపెట్టి ఇచ్చింది,
మిరప ఘాటు పట్టిన నోట్లు. తుమ్మొచ్చింది నాకు.
డెమరేజీ ఏడువందల ముప్పై.
శెట్టి వైపు చూశాను.
ఆయన ఫ్యాను వైపు చూశాడు.
ఆ గడిలో నేనూ ఒక అడ్డగీత గీశాను.

డెలివరీ పుస్తకంలో చివరి మాట
అచ్చులోనే ఉంటుంది, మార్చేదానికి లేదు:
'సరుకు మంచి స్థితిలో, ఏ లోపమూ లేకుండా ముట్టినది.'
చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి.
వినిపించాను.
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత వేలిముద్ర వేసి,
సిరా బండకు అంటకుండా
చీరకు తుడుచుకుంది.

మద్దిలేటి ఎత్తుకూలి ఇరవై తీసుకున్నాడు.
ఆటోలో మాత్రం
పేరు పైకి వచ్చేట్టు పెట్టాడు.